మనసు బాగాలేకపోతే కడుపులో బిడ్డ చిన్నగా పుడుతుందా?

వానచినుకు:
నాకు ఏడో నెల. బిడ్డ బరువు వారాలకు తగినదానికంటే కాస్త తక్కువగా కనిపిస్తోందని, రెండు వారాలు ఆగి మళ్లీ స్కానింగ్ చేద్దామని డాక్టరు చెప్పారు. రక్తపోటు, చక్కెర రెండూ మామూలుగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ కొంచెం తక్కువ, మాత్రలు వాడుతున్నాను. అయితే నాలుగో నెల నుంచి నా మనసు బాగాలేదు. తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. దేని మీదా ఆసక్తి లేదు. ఈ సంగతి డాక్టరుకు చెప్పలేదు. ఇంట్లోవాళ్లకు మాత్రం తెలుసు. వాళ్లు ప్రేమతోనే "ఇలా దిగులు పెట్టుకుంటే బిడ్డ ఎదగదమ్మా" అంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు రెండు దిగుళ్లయ్యాయి. బిడ్డ చిన్నగా ఉండటానికి నా మనసే కారణమా? ధైర్యం చెప్పడానికి ఏదో ఒకటి అనకండి, తెలిసినవాళ్లు తెలిసింది చెప్పండి.

నిర్వాహకులు:
సమాధానాలకు ముందు ఒక ముఖ్యమైన మాట. ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా బతకాలని లేదనిపించినా, తమకు గాని బిడ్డకు గాని హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చినా ఇక్కడి జవాబుల కోసం ఎదురుచూడకండి. పక్కనున్నవారికి ఇప్పుడే చెప్పి, వెంటనే ఆస్పత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. అలాగే బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే అదే రోజు చూపించుకోండి, తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకండి.

రెండో కాన్పు:
చెల్లెమ్మా, నా అనుభవం చెప్తాను. మొదటి కాన్పప్పుడు నెలల తరబడి కుంగుబాటులో (డిప్రెషన్) ఉన్నాను, బిడ్డ మూడు కిలోల పైనే పుట్టింది. రెండోసారి మనసు నిమ్మళంగా ఉంది, నిద్ర బాగుంది. ఆ బిడ్డ మాత్రం రెండున్నర కిలోలకు తక్కువ. కడుపులో బిడ్డకు పోషణ అందించే మాయ సరిగా పనిచేయలేదని తర్వాత తెలిసింది. ఇద్దరూ ఇప్పుడు బడికి వెళ్తున్నారు. మీ బిడ్డ తూకాన్ని చూసి మీ మనసుకు మార్కులు వేసుకోకండి.

ఉయ్యాల:
నేను నవజాత శిశువుల వార్డులో నర్సుని. ముందు "చిన్న బిడ్డ" అన్న మాటను విడదీసి చూద్దాం. దాని కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి.

పుట్టినప్పుడు 2500 గ్రాములకంటే తక్కువ ఉంటే తక్కువ బరువు అంటాం. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత. బిడ్డ ఎన్ని వారాలకు పుట్టిందో ఈ గీత చూడదు. 37 వారాలు నిండకుండా పుడితే నెలలు నిండని బిడ్డ. ఈ బిడ్డ బరువు తక్కువైనా, తన వారాలకు సరిపడా ఎదిగి ఉండవచ్చు. మూడోది వారాలకు తగినంత సైజు లేకపోవడం. అన్నే వారాలకు పుట్టిన వందమంది ఆడపిల్లల్నో మగపిల్లల్నో బరువు ప్రకారం చిన్నవాళ్ల నుంచి వరసగా నిలబెడితే, మొదటి పదిమందిలో ఉన్న బిడ్డ అన్నమాట. ఆ పదిమందిలో చాలామంది ఆరోగ్యంగానే ఉంటారు. తల్లి పొట్టి, తండ్రి పొట్టి, బిడ్డా చిన్నది, అంతే. ఎదగాల్సిన బిడ్డ ఎదగలేక ఆగిపోయిందా అన్నదే మాకు ముఖ్యం. అది ఒక్క స్కానింగుతో తేలదు. అందుకే మీ డాక్టరు రెండు వారాలు ఆగమన్నారు. ఆ రెండు కొలతల మధ్య బిడ్డ ఎంత పెరిగిందో చూస్తారు, అవసరమైతే బొడ్డుతాడులో రక్తప్రవాహాన్ని డాప్లర్ అనే స్కానింగ్‌తో చూస్తారు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. స్కానింగ్ యంత్రం బిడ్డను తూచదు. తల, పొట్ట, తొడ ఎముక కొలిచి ఒక సూత్రంతో బరువు అంచనా కడుతుంది. ఆ అంచనా అసలు బరువుకు పది, పదిహేను శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. పైగా 28 వారాల బిడ్డ సుమారు ఒక కిలో ఉంటుంది, నెలలు నిండేసరికి మూడు కిలోలు దాటుతుంది. పుట్టే బరువులో మూడింట రెండు వంతులు ఈ చివరి మూడు నెలల్లో చేరేదే. మీ బిడ్డ ఎదగాల్సిన కాలం చాలావరకు ముందే ఉంది.

వానచినుకు:
అంచనాలో అంత తేడా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ధన్యవాదాలు. అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. మనసుకూ బరువుకూ సంబంధం ఉందా, లేదా?

పట్టిక:
ఉంది. కానీ ఎంత ఉంది, ఎలాంటి సంబంధం అన్నది చూడాలి. నేను ఆరోగ్య గణాంకాల్లో పనిచేస్తాను, ఆ వైపు నుంచి చెప్తాను.

2010లో 29 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. గర్భం సమయంలో కుంగుబాటు ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పోల్చినప్పుడు నెలలు నిండకుండా పుట్టే అవకాశం 1.39 రెట్లు, తక్కువ బరువుతో పుట్టే అవకాశం 1.49 రెట్లు, గర్భంలో ఎదుగుదల మందగించే అవకాశం 1.45 రెట్లు ఉన్నట్టు తేలింది. వినగానే భయం వేస్తుంది కాబట్టి దాన్ని మనుషుల లెక్కలోకి మార్చి చూడండి. కుంగుబాటు లేని వందమంది తల్లుల్లో పదిమందికి తక్కువ బరువు బిడ్డ పుడుతుందనుకుందాం. ఒకటిన్నర రెట్లంటే, కుంగుబాటు ఉన్న వందమందిలో పదిహేనుమందికి. మిగిలిన 85 మందికి మామూలు బరువు పిల్లలే పుడతారు. ఆ పదిహేనుమందిలోనూ పదిమందికి ఎలాగూ అలాగే జరిగి ఉండేది. కుంగుబాటును ఉంది, లేదు అని విడదీయకుండా లక్షణాల మార్కులు ఒక్కొక్కటిగా పెరిగే కొద్దీ ఏమవుతుందో చూసిన అధ్యయనాల్లో ప్రభావం ఇంకా చాలా చిన్నది.

మన దేశంలో గోవాలోనూ, పాకిస్తాన్‌లో రావల్పిండి ప్రాంతంలోనూ జరిగిన అధ్యయనాల్లో తక్కువ బరువుతో ఈ సంబంధం కనిపించింది. పేద దేశాల్లో ఈ బంధం కాస్త బలంగా ఉన్నట్టు పైన చెప్పిన విశ్లేషణలో కూడా ఉంది. ఎందుకు అన్న దగ్గరే అసలు చిక్కు. పేదరికం తల్లి మనసును కుంగదీస్తుంది, అదే పేదరికం ఆమె తిండిని కూడా తగ్గిస్తుంది. ఇంట్లో హింస కూడా మనసునూ శరీరాన్నీ ఒకేసారి దెబ్బతీస్తుంది. పొగతాగడం ఒక్కటే పుట్టే బరువును సగటున 200 గ్రాముల దాకా తగ్గిస్తుంది, కుంగుబాటు ఉన్నవాళ్లలో ఆ అలవాటు ఎక్కువ. ఇవన్నీ లెక్కలోంచి తీసేసి మనసు ఒక్కదాని వాటా ఎంతో తేల్చడం చాలా కష్టం. పరిశోధకులు సర్దుబాట్లు చేస్తారు, కానీ కొలవనిదాన్ని సర్దలేరు.

ఇంకొక మాట. ఈ లెక్కలు ఒక గుంపు గురించి చెప్తాయి. "నా బిడ్డ నా దిగులు వల్లే చిన్నగా ఉందా" అన్న ప్రశ్నకు వీటిలో జవాబు ఉండదు. రెండో కాన్పు గారి అనుభవం నిజమే, ఊరటనిచ్చేదే. దానితోనూ లెక్క తేలదు.

చిగురు:
మరి మనసులోది బిడ్డ దాకా ఎలా చేరుతుంది? మాయ అడ్డుగా ఉంటుంది కదా.

నిమ్మళం:
నేను మానసిక వైద్యంలో ఉన్నాను, ఎక్కువగా గర్భిణులను, బాలింతలను చూస్తాను. చిగురు గారి ప్రశ్నకు మాయ దగ్గరి నుంచే మొదలుపెడతాను.

ఒత్తిడిలో శరీరం కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువగా విడుదల చేస్తుంది. గర్భంలో అది ఎలాగూ పెరుగుతుంది, బిడ్డ ఊపిరితిత్తులు పక్వమవడానికి చివరి వారాల్లో అది కావాలి కూడా. తల్లి కార్టిసాల్ అంతా బిడ్డను చేరకుండా మాయలో ఒక ఎంజైము కాపలా ఉంటుంది. అది కార్టిసాల్‌లో ఎక్కువ భాగాన్ని పనిచేయని కార్టిసోన్‌గా మార్చేస్తుంది. తీవ్రమైన ఆందోళన, కుంగుబాటు ఉన్న కొందరు తల్లుల్లో ఈ ఎంజైము తక్కువగా ఉన్నట్టు కొన్ని అధ్యయనాలు చూపాయి. రెండో దారి రక్తప్రసరణ. 1999లో లండన్‌లో వందమంది గర్భిణులను చూసిన ఒక అధ్యయనంలో, ఆందోళన ఎక్కువగా ఉన్నవారి గర్భాశయ ధమనుల్లో రక్తానికి ఎదురయ్యే నిరోధం ఎక్కువగా ఉంది. తర్వాత చూసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు. కాబట్టి ఈ రెండు దారులూ ఉండవచ్చుననే చెప్పగలం, ఇదే జరుగుతుందని చెప్పలేం.

నేను రోజూ చూసేది మూడో దారి. అది సూటిగా కనిపిస్తుంది. కుంగుబాటులో ఉన్న మనిషికి ఆకలి ఉండదు. నిద్ర ఉండదు. ఐరన్ మాత్ర వేసుకోవాలని గుర్తున్నా చేయి కదలదు. చెకప్ రోజున మంచం దిగలేరు. రక్తపోటు పెరగడాన్ని గుర్తించాల్సిన చెకప్ అదే అయితే నష్టం పెద్దది. ఇవన్నీ జబ్బు లక్షణాలు. వీటిని నిర్లక్ష్యం అని పిలవడం జ్వరం వచ్చినవారిని ఒళ్లెందుకు కాలుతోందని కోప్పడినట్టు.

వానచినుకు గారూ, మీరు రాసినవాటిలో తెల్లవారుజామున మెలకువ, ఆసక్తి పోవడం, అదీ నెలల తరబడి. ఇది రోజువారీ దిగులులా లేదు. దిగులు వస్తుంది, పోతుంది, మధ్యలో నవ్వు కూడా వస్తుంది. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం మనసు బరువుగా ఉండి, ఇష్టమైనవి కూడా రుచించకపోతే దాన్ని కుంగుబాటేమోనని పరీక్షించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గర్భిణుల్లో సుమారు 10 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది, అందులో కుంగుబాటుదే మొదటి స్థానం. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో మానసిక సమస్య ఉన్న గర్భిణులు 15.6 శాతం. మీరు ఒంటరి కారు, ఇది అరుదైనదీ కాదు.

తోడు:
మా ఆవిడకు ఎనిమిదో నెల. చదువుతుంటే వానచినుకు గారి మాటలు ఆమెవేమో అనిపించాయి. నేను కూడా "నీ కోసం కాకపోయినా బిడ్డ కోసం సంతోషంగా ఉండు" అని అంటూ ఉంటాను. అనకూడదా? మరి ఏం చేయాలి?

రెండో కాన్పు:
తమ్ముడూ, ఆ మాట విన్నప్పుడు నాకు ఎలా ఉండేదో చెప్తాను. నేను ఎవరికీ అక్కర్లేదు, బిడ్డను మోసే సంచిని మాత్రమే అనిపించేది. తర్వాతి నుంచి ఏడవాలనిపించినా ఎవరికీ కనిపించకుండా ఏడ్చేదాన్ని. నాకు పనికొచ్చింది మా ఆయన ఒకసారి అడిగిన ప్రశ్న. "రాత్రి ఎన్ని గంటలకు మెలకువ వచ్చింది?" అన్నారు. చెప్పాను. అదొక కాగితం మీద రాసి, చెకప్‌కు నాతో వచ్చి, ఆ కాగితం డాక్టరు ముందు పెట్టారు. నేను నోరు విప్పాల్సిన పని లేకపోయింది.

నిమ్మళం:
అంతకంటే మంచి సలహా నేనివ్వలేను. ఇంటి పనిలో ఫలానాది నేను చేస్తానని తీసుకోండి, ఆమె పడుకునే వేళకు ఎవరూ లేపకుండా చూడండి, చెకప్‌కు వెంట వెళ్లండి. సంతోషంగా ఉండమని మాత్రం అడగకండి. ఆమె చేతిలో లేనిదాన్ని అడిగినట్టవుతుంది. తండ్రులకూ ఈ కాలంలో కుంగుబాటు వస్తుంది, మీ నిద్ర, మీ మనసు కూడా గమనించుకోండి.

సూటి:
నాకు ఈ చర్చ మొత్తం మీద ఒక అభ్యంతరం ఉంది. సంబంధం చిన్నది, కారణం తేలలేదు, ఒక్క తల్లి విషయంలో ఏమీ చెప్పలేం అని మీరే అంటున్నారు. అలాంటప్పుడు గర్భిణులకు ఈ సంగతి చెప్పడమే ఎందుకు? తెలిసిన ప్రతి తల్లీ తన దిగులును నేరంగా చూసుకుంటుంది. వానచినుకు గారికి అదే జరిగింది. మన సమాజం ఎలాగూ బిడ్డకు ఏమైనా తల్లినే అంటుంది. పరిశోధన దానికి ఇంకో ఆయుధం అందిస్తోంది. తల్లికి కుంగుబాటు ఉంటే ఆమె బాధపడుతోంది కాబట్టి వైద్యం చేయాలి. బిడ్డ గ్రాములు పెంచడానికి కాదు.

పట్టిక:
సూటి గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. కానీ దాచితే ఏమవుతుందో చూడండి. ఆ మాట ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. వైద్యులు నోరు మూసుకుంటే మిగిలేది "దిగులు పడితే బిడ్డ ఎదగదు" అన్న బెదిరింపు మాత్రమే. దాని పరిమాణం ఎంతో, దానికి చికిత్స ఉందో లేదో ఎవరూ చెప్పరు. ఇంకోటి, ఆరోగ్య శాఖల్లో నిధులు అడిగే చోట తల్లి బాధ ఒక్కటే చాలదన్నది చేదు నిజం. పసిపిల్లల బరువు అన్నప్పుడే చాలామంది తలెత్తి చూస్తారు. 2020లో ప్రపంచంలో పుట్టిన పిల్లల్లో 14.7 శాతం, అంటే దాదాపు 2 కోట్ల మంది, తక్కువ బరువుతో పుట్టారు. ఆ సంఖ్య పక్కన నిలబడితేనే తల్లి మనసుకు చోటు దొరుకుతోంది.

సూటి:
అదే నాకు బాధ. తల్లి తన పేరు మీద చోటు సంపాదించుకోకూడదా? రేపు ఎవరో ఒక ప్రయోగం చేసి, కుంగుబాటుకు వైద్యం చేసినా బిడ్డ బరువు పెరగలేదని తేలిస్తే? అప్పుడు వైద్యం ఆపేస్తారా?

నిమ్మళం:
సూటి గారూ, మీరు అడిగిన ప్రయోగానికి దగ్గరది ఒకటి జరిగింది. దాని గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ చర్చలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

రావల్పిండి జిల్లా గ్రామాల్లో కుంగుబాటు ఉన్న గర్భిణులను చివరి మూడు నెలల్లో గుర్తించారు. వాళ్ల ఇళ్లకు మానసిక వైద్యులు వెళ్లలేదు. ఊళ్లలో ఎప్పటి నుంచో తిరిగే ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చారు. ఆ కార్యకర్త ఇంటికి వచ్చి, తల్లి ఆలోచనలు ఎటు పోతున్నాయో మాట్లాడించి, చేయగల చిన్న పనులు ఆమెతో కలిసి ఎంచుకుంటుంది. కాన్పు ముందు మొదలై బిడ్డకు సుమారు పది నెలలు వచ్చేదాకా ఈ రాకపోకలు సాగాయి. 2008లో ఫలితాలు వచ్చాయి. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి, మామూలుగా ఇంటికి వచ్చి వెళ్లిన కార్యకర్తలున్న ఊళ్లలో 53 శాతం తల్లులు ఇంకా కుంగుబాటులోనే ఉన్నారు. శిక్షణ పొందిన కార్యకర్తల ఊళ్లలో 23 శాతం. వైద్యుడు లేకుండా, మందు లేకుండా సగానికి పైగా తగ్గింది. మరి పిల్లల ఎదుగుదల? ఆరు నెలలకు గాని, ఏడాదికి గాని బరువులో, పొడవులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిల్లలకు విరేచనాలు తగ్గాయి, టీకాలు పూర్తిగా పడ్డాయి, తల్లిదండ్రులిద్దరూ బిడ్డతో ఆడుకునే సమయం పెరిగింది. సైజు మాత్రం మారలేదు.

ఎవరూ ఆ కార్యక్రమాన్ని ఆపలేదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తన మార్గదర్శక పుస్తకంగా తీసుకుంది. తల్లి కోలుకోవడమే చాలినంత ఫలితమని లోకం ఒప్పుకున్న సందర్భం అది. నేను దాన్ని మళ్లీ మళ్లీ గుర్తు చేసుకుంటాను.

ఇక రెండో వైపు. 2021లో బార్సిలోనా నుంచి ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. చిన్న బిడ్డ పుట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్న 1221 మంది గర్భిణులను 19 నుంచి 23 వారాల మధ్య మూడు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు ఆహారం మీద సలహా, ఇంకో గుంపుకు ఎనిమిది వారాల పాటు ధ్యానంతో ఒత్తిడి తగ్గించుకునే శిక్షణ, మూడో గుంపుకు మామూలు వైద్యం. వారాలకు తగినంత సైజు లేని పిల్లలు మామూలు వైద్యం గుంపులో 21.9 శాతం, ఆహారం గుంపులో 14.0 శాతం, ధ్యానం గుంపులో 15.6 శాతం. ఒకే ఆస్పత్రి, ప్రమాదం ముందే ఉన్న తల్లులు, కుంగుబాటు ఉందని ఎంచుకున్నవాళ్లు కూడా కాదు. అందుకే అందరికీ వర్తింపజేయలేం. అయినా మనసుకు ఇచ్చిన శిక్షణ బిడ్డ సైజు దాకా వెళ్లగలదని ఒక ప్రయోగంలో కనబడటం చిన్న సంగతి కాదు.

పట్టిక:
ఈ రెండు ప్రయోగాలు ఒకదాన్నొకటి కొట్టేయవు. మొదటిది ఎదుగుదల చాలావరకు జరిగిపోయాక, గర్భం చివరి నెలలో మొదలైంది, పైగా పుట్టిన బరువును కాక తర్వాతి నెలల ఎదుగుదలను కొలిచింది. రెండోది సగం గర్భం దగ్గర మొదలైంది. ఎప్పుడు మొదలుపెట్టాం అన్నది చాలా తేడా తెస్తుంది. ఆకలి విషయంలో ఇది స్పష్టంగా చూశారు. 1944-45 శీతాకాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చినప్పుడు, గర్భం చివరి నెలల్లో ఆకలికి గురైన తల్లుల పిల్లలు సగటున 300 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. మొదటి నెలల్లో మాత్రమే ఆకలి చూసి తర్వాత తిండి దొరికినవాళ్ల పిల్లల బరువు తగ్గలేదు.

సూటి:
నిమ్మళం గారూ, రావల్పిండి సంగతి నాకు తెలియదు. అది చదివాక నా అభ్యంతరం పోలేదు గాని, దానికి ఒక ఆధారం దొరికింది. తల్లికి వైద్యం తల్లి కోసమే. బిడ్డకు మేలు జరిగితే అదనం. ఈ వరసలో చెప్పండి, నాకు పేచీ లేదు.

వానచినుకు:
అందరూ రాసింది రెండుసార్లు చదివాను. చెకప్‌లో ఈసారి చెప్పేశాను. నోటితో చెప్పలేక, ఇక్కడ రాసిన మొదటి పేరానే ఫోనులో చూపించాను. డాక్టరు పది ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు, పోయిన వారం రోజులు ఎలా ఉన్నానో టిక్కులు పెట్టాలి. 16 వచ్చింది. మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. డాప్లర్ కూడా చేశారు, రక్తప్రవాహం బాగుందట. బిడ్డ బరువు వారాలకు ఉండాల్సిన గీతకు కాస్త కిందనే ఉంది గాని పెరుగుతూ వస్తోంది. 16 అంటే ఎంత చెడ్డది? మందులు అంటారేమోనని భయంగా ఉంది.

నిమ్మళం:
చూపించినందుకు సంతోషం. అది ఎడిన్‌బరోలో తయారై 1987లో వెలువడిన ప్రశ్నావళి. పది ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు. సాధారణంగా 13 గాని అంతకు మించి గాని వస్తే కుంగుబాటు ఉండే అవకాశం ఎక్కువని వివరంగా పరీక్షిస్తాం. మార్కులే జబ్బు పేరు చెప్పవు, మాట్లాడి తేల్చాలి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనిపించడం గురించి. మొత్తం ఎంత వచ్చినా, ఆ ఒక్కదానికి "అవును" అని వస్తే అదే రోజు మాట్లాడతాం. నిద్ర గురించిన ప్రశ్నలో కూడా కడుపు బరువుతో నిద్రపట్టకపోవడాన్ని కాకుండా, మనసు బాగాలేక నిద్రపట్టకపోవడాన్నే అడుగుతారు. గర్భిణులకు ఇది పనికొచ్చేది అందుకే.

మందుల సంగతి మీ వైద్యురాలితో మాట్లాడాకే తేలుతుంది. తేలికపాటి, మధ్యస్థ కుంగుబాటుకు మాటల చికిత్సే మొదట చూస్తాం. ఆలోచనల మీద పనిచేసే పద్ధతి, సంబంధాల మీద పనిచేసే పద్ధతి రెండూ గర్భిణుల్లో బాగా పనిచేస్తాయి.

చిగురు:
నా ప్రశ్న కూడా ఇక్కడే అడుగుతాను. నేను కుంగుబాటుకు సెర్ట్రలీన్ వాడుతున్నాను, గర్భం అని తెలియగానే దాన్ని వెంటనే ఆపేయమని బంధువు ఒకరు గట్టిగా చెప్పారు. ఇంకా ఆపలేదు. మందు వల్ల బిడ్డ చిన్నగా పుడుతుందా?

నిమ్మళం:
మీ డాక్టరుతో మాట్లాడకుండా ఆపకండి. ఒక్కసారిగా ఆపితే తలతిరగడం, చికాకు, నిద్ర పట్టకపోవడం వస్తాయి, అసలు జబ్బు తిరగబెట్టవచ్చు కూడా. బరువు గురించి చెప్పాలంటే, 2013లో వచ్చిన ఒక విశ్లేషణలో ఇలాంటి మందులు వాడిన తల్లుల పిల్లలు సగటున 74 గ్రాములు తక్కువ ఉన్నారు. కుంగుబాటు ఉండి మందు వాడనివాళ్లతో పోల్చినప్పుడు ఆ తేడా నిలబడలేదు. అంటే మందుకు అంటగట్టిన తేడాలో జబ్బు వాటా కూడా ఉందన్నమాట. చివరి నెలల్లో వాడితే కొందరు పిల్లలు పుట్టిన మొదటి రోజుల్లో కాస్త వణుకు, చిరాకు చూపుతారు. చాలావరకు కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. కాన్పు చేసే బృందానికి మందు సంగతి ముందే చెప్పి ఉంచండి, బిడ్డను గమనిస్తారు.

అన్ని మందులూ ఇలాంటివి కావు. మనసు ఉద్రేకానికీ కుంగుబాటుకూ మధ్య ఊగే బైపోలార్ జబ్బుకు, మూర్ఛకు వాడే వాల్‌ప్రొయేట్ వల్ల, అది వాడిన తల్లులకు పుట్టే వందమంది పిల్లల్లో పదిమంది దాకా పుట్టుకతో లోపాలు వస్తాయి. అది వాడుతున్నవారు గర్భం అనుకున్నప్పుడే, వీలైతే ముందే, వైద్యునితో మాట్లాడి మార్చుకోవాలి. అది కూడా సొంతంగా ఆపకూడదు.

చిగురు:
రేపే ఫోను చేస్తాను.

ఉయ్యాల:
వానచినుకు గారూ, బిడ్డ చిన్నగానే పుట్టినా ఏం చేస్తామో ముందే తెలిస్తే భయం తగ్గుతుందని రాస్తున్నాను. నెలలు నిండి పుట్టిన పిల్లల సగటు బరువు మగపిల్లలకు 3.3 కిలోలు, ఆడపిల్లలకు 3.2. పొడవు 49, 50 సెంటీమీటర్ల దగ్గర, తల చుట్టుకొలత 34 దగ్గర ఉంటుంది. మేం బరువు ఒక్కటే చూడం. బరువు తక్కువగా ఉండి తల కొలత బాగుంటే, పోషణ తగ్గినప్పుడు బిడ్డ శరీరం మెదడుకు ముందు పంచిందని అనుకుంటాం.

చిన్న బిడ్డకు తల్లి ఒంటి వెచ్చదనమే మొదటి వైద్యం. బిడ్డను తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టే కంగారూ పద్ధతి ఇది. 2021లో భారత్, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా ఆస్పత్రుల్లో 1 నుంచి 1.8 కిలోల లోపు పిల్లల మీద జరిగిన పరిశీలనలో, బిడ్డ స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెడితే మరణాలు పావు వంతు తగ్గాయి. మనసు బాగాలేని తల్లికి కూడా ఇది కష్టమైన పని కాదు, పడుకునే చేయవచ్చు. ఆమె అలసిపోతే తండ్రో, అమ్మమ్మో, నాయనమ్మో తీసుకోవచ్చు. తోడు గారూ, మీరూ నేర్చుకోండి.

వానచినుకు:
ఇంటికి వెళ్లాక రోజూ తూచాలా? తూకం యంత్రం కొనమంటున్నారు.

ఉయ్యాల:
కొనకండి. మొదటి రోజుల్లో ఏ బిడ్డకైనా బరువు తగ్గుతుంది, పుట్టిన బరువులో పదో వంతు లోపు అయితే సాధారణంగా కంగారు అక్కర్లేదు. రెండు వారాల్లోపు తిరిగి పుట్టిన బరువుకు వస్తుంది. రోజూ తూస్తే ఆ తగ్గుదల చూసి మీకు నిద్ర పట్టదు. రోజుకు ఎన్నిసార్లు పాలు తాగింది, ఎన్ని గుడ్డలు తడిపింది అన్నది చూడండి. అయిదో రోజు నుంచి రోజుకు ఆరు తడి గుడ్డలు, అంతకు మించి ఉంటే పాలు అందుతున్నట్టే. తూకం చెకప్‌లో మేం వేస్తాం. బిడ్డ పాలకు లేవకుండా మగతగా ఉన్నా, ఒళ్లు చల్లబడినా, ఊపిరి వేగంగా తీస్తున్నా తూకంతో పని లేదు, నేరుగా తీసుకొచ్చేయండి. ఆ మొదటి చెకప్‌కు వచ్చినప్పుడు పది ప్రశ్నల కాగితం మళ్లీ అడిగి తీసుకోండి.